సుంకి ఘాట్‌లో గుక్కపెట్టే పికప్: 41/10 తీసి 41/9 ఎందుకు వేశాం

విజయనగరం పైడితల్లి పండగ ఇంకో పది రోజులుందనగా గజపతినగరం వైపు నుంచి ఒక పికప్ మా షెడ్డుకొచ్చింది. 2007 మోడల్, రెండున్నర లీటర్ల డీఐ ఇంజన్, అయిదు గేర్లు, వెనక చక్రాలకే డ్రైవు, ముందు డిస్కు, వెనక డ్రమ్ము. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ లెక్క ఏ కంపెనీ పాత బండికైనా ఒకటే, పైగా ఆ రంగు బండి ఆ లైన్లో ఒక్కటే తిరుగుతోంది కాబట్టి పేరు రాస్తే ఓనరెవరో సాలూరు దాకా తెలిసిపోతుంది.

ఓనరు కుర్రాడికి ముప్పై అయిదుంటాయి. వారానికి మూడు ట్రిప్పులు సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ వెళ్తాడు. ఎక్కేటప్పుడు ఉల్లిపాయలు, కిరాణా బస్తాలు, దిగేటప్పుడు అల్లం, కూరగాయలు. నెలకి రెండు మూడు సార్లు నాతవలస దగ్గర పెద్ద హైవే ఎక్కి విశాఖ.

"బాబాయ్, ఘాట్‌లో మూడో గేరేస్తే గుక్కపెడతంది, రెండో గేరేస్తే పక్కన మనిషి నడిచి దాటేస్తన్నాడు. ఏటి సేద్దాం సెప్పు" అన్నాడు. ఏడాదిలో రెండు క్లచ్ ప్లేట్లు మార్చాడట. వాళ్ల బావ ఎవరో "స్పీడు క్రౌన్ వేసుకో, మైలేజీ కూడా వస్తుంది" అని చెప్పాడట, అంటే వెనక యాక్సిల్ లోపలి గేర్ల పళ్లు 41/11. మనవాడు దానికి అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది, ఎందుకంటే ఘాట్ ఎక్కని బండికి 41/11 వెయ్యడమంటే దగ్గుతున్నవాడికి ఐస్‌క్రీం పెట్టడమే.

యాక్సిల్ సంగతి కొత్తవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. గేర్‌బాక్సు నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు తిప్పే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్, చక్రాలు తిరిగేది దాంతోనే. క్రౌన్‌కి ఎన్ని పళ్లు, పినియన్‌కి ఎన్ని పళ్లు, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే రేషియో. 41కి 10 అయితే 4.10, 41కి 9 అయితే 4.56, 39కి 8 అయితే 4.88, 41కి 11 అయితే 3.73. అంకె పెద్దదయ్యేకొద్దీ పుల్లింగ్ ఎక్కువ, అదే స్పీడులో ఇంజన్ చుట్లు ఎక్కువ. పాత విల్లీస్ జీపుల్లో యుద్ధకాలం దానికి 4.88, తర్వాత మన దేశంలో తిరిగిన సీజే-3బీ రకానికి 5.38 ఉండేవి. చిన్న ఇంజన్‌తో అవి కొండలెక్కాయంటే సగం పుణ్యం ఆ 5.38దే.

నేను వెంటనే హౌసింగ్, అంటే ఈ గేర్లుండే యాక్సిల్ గూడు, విప్పలేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ తీశాను, ఎర్రమట్టితో కుండ అడుగులా ఉంది. కొత్తది వేసి, డీజిల్ ఫిల్టర్ మార్చి, టర్బో పైపుల క్లిప్పులు బిగించి, నాలుగు చక్రాలూ లేపి ఎక్కడైనా బ్రేకు పట్టేస్తోందా అని చేత్తో తిప్పి చూశాను. ఇవి చూడకుండా రేషియో మార్చేవాళ్లున్నారు, తర్వాత తిట్లు తినేదీ వాళ్లే. ఫిల్టర్ మార్చాక పొగ తగ్గింది, కొంచెం హుషారొచ్చింది, కానీ ఘాట్ కథ మారలేదు.

తర్వాత అసలు ఏ రేషియో ఉందో చూడాలి. హౌసింగ్ మీద ఉండాల్సిన రేకు ఎప్పుడో పోయింది. పదిహేడేళ్ల బండిలో ఎవరు ఏం వేశారో ఎవరికి తెలుసు, పుస్తకంలో ఉన్నది నమ్మకూడదు. ముందు చక్రాలకి చెక్కలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనక ఒక్క చక్రమే లేపి స్టాండ్ మీద ఉంచాను. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దముక్కతో ఒక గీత, టైరు మీద ఒక గీత. నేను చక్రం తిప్పుతుంటే మా షెడ్డు కుర్రాడు కింద పడుకుని షాఫ్టు చుట్లు లెక్కపెట్టాడు. ఒక చక్రం నేలమీద ఆగి ఉంటే, లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితేనే క్రౌన్ ఒక్క చుట్టు తిరుగుతుంది, రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ గుణం అది. అందుకే చక్రాన్ని ఇరవై చుట్లు తిప్పాం. షాఫ్టు సరిగ్గా నలభై ఒకటి తిరిగి గీత గీతకి ఎదురుగా వచ్చి ఆగింది. 41/10. రెండు చుట్లు తిప్పి "నాలుగు చిల్లర" అనుకుంటే 3.9కీ 4.1కీ తేడా తెలియదు, ఓపిగ్గా ఇరవై తిప్పాలి.

అంటే రేషియో కంపెనీదే. మరి బండి ముందు బాగానే ఎక్కేదంటున్నాడు, ఎప్పటినుంచి ఎక్కట్లేదు? అడిగితే "టైర్లు మార్చినప్పట్నించీ అనుకుంటా" అని నసిగాడు.

అసలు దొంగ అక్కడ దొరికాడు. బండికి ముందు 215/75 ఆర్15 ఉండేవి, ఆరు నెలల కిందట బరువు మోస్తాయని, పొలాల్లోకి దిగినప్పుడు కింద తగలకుండా ఉంటుందని 7.00 ఆర్15 వేయించాడు. స్టెప్నీ మాత్రం పాత సైజుదే. నా అదృష్టం కొద్దీ అలా ఉంది, రెండూ కొలవొచ్చు. లోడుతో, సరైన గాలితో, టైరు అడుగున సుద్ద గీత పెట్టి షెడ్డు ముందు సిమెంటు నేల మీద అయిదు చుట్లు తోయించాను. కొత్త టైరు అయిదు చుట్లకి 11.45 మీటర్లు, అంటే చుట్టుకి 2.29. స్టెప్నీ అదే చక్రానికి బిగించి తోస్తే 10.70, చుట్టుకి 2.14. తేడా 7 శాతం. టైరు మీద రాసిన కొలతల్నిబట్టి లెక్కేసినా దగ్గరగానే వస్తుంది కానీ బరువుకి టైరు నొక్కుకుంటుంది కాబట్టి సుద్ద గీతే నిజం.

7 శాతం అంటే ఏమిటి? 4.10ని 1.07తో భాగిస్తే 3.83. చేత్తో విప్పకుండానే, పైసా పెట్టి క్రౌన్ మార్చకుండానే మనవాడు తన బండికి 3.83 వేసుకున్నాడన్నమాట. దాని మీద బావగారి 41/11 కూడా పడితే పాత టైర్ల లెక్కలో 3.48 అయ్యేది. (స్టెప్నీ గురించి ఒక మాట: వెనక ఒక పక్క చిన్నది, ఒక పక్క పెద్దది వేసి కొరాపుట్ దాకా పోతే లోపల చిన్న స్పైడర్ గేర్లు దారంతా తిరుగుతూనే ఉండాలి, అవి మలుపుల కోసం పెట్టినవి, నిత్యం తిరగడానికి కాదు. పంక్చరైతే స్టెప్నీ ముందు చక్రానికి వేసుకుని నెమ్మదిగా రమ్మన్నాను.)

మొదటి సలహా కూడా అదే ఇచ్చాను, "అబ్బాయ్, పాత సైజు టైర్లు వేసుకో, రూపాయి యాక్సిల్ పని అక్కర్లేదు." ఒప్పుకోలేదు. టైర్లు కొత్తవి, ముప్పావు వంతు ట్రెడ్డు మిగిలి ఉంది, కింద తగలకపోవడం నిజంగానే పనికొస్తోందట. అవి అరిగిపోయి ఉంటే నేను పట్టుబట్టేవాణ్ని.

ఇంక లెక్క. ఈ బండి గేర్‌బాక్సులో రెండో గేరు 2.2, మూడోది 1.4, నాలుగోది 1, అయిదోది 0.8. ఇంజన్ పుల్లింగ్ బాగా ఉండేది నిమిషానికి 1500 నుంచి 1800 చుట్ల మధ్య, 1300 కిందకి పోతే గుర్రుమంటుంది. సుంకి ఎక్కేటప్పుడు లోడుతో మలుపుల మధ్య దొరికే స్పీడు గంటకి 30. గంటకి 30 అంటే నిమిషానికి 500 మీటర్లు, 2.29తో భాగిస్తే చక్రం 218 చుట్లు. దాన్ని మూడో గేరు 1.4తో, 4.10తో గుణిస్తే ఇంజన్ 1253. అదీ గుక్కపెట్టే చోటు. అదే పాత టైర్లతో 1341, అంచు మీద అటూ ఇటూగా లాగేసేది. 41/9 వేస్తే 1392, 39/8 వేస్తే 1490.

బరువు వైపు నుంచి కూడా చూశాను. బండీ సరుకూ కలిపి మూడు టన్నులు అనుకుందాం (మనవాడు వేసేది ఎంతో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు). వంద మీటర్లకి ఆరు మీటర్లు ఎక్కే దారిలో మూడో గేరులో ఆ స్పీడు పోకుండా నిలబడాలంటే 4.10తో ఇంజన్ సుమారు 160 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే తిప్పే బలం, ఇవ్వాలి, 4.56తో 143 చాలు. వయసైపోయిన ఇంజన్ 1250 చుట్లలో 160 ఇవ్వడం కష్టం, దాదాపు 1400 చుట్లలో 143 ఇవ్వడం పెద్ద విషయం కాదు. మూడో గేరు నిలబడితే రెండుకీ మూడుకీ మధ్య ఊగిసలాట ఉండదు, సగం క్లచ్ మీద లాగించడం ఉండదు, ప్లేట్లు బతుకుతాయి. ఆ రెండు ప్లేట్లూ కాలింది ఇక్కడే.

మరి 39/8 ఎందుకు కాదు? ఘాట్ ఒక్కటే దారి అయితే అదే వేసేవాణ్ని. కానీ హైవేలో గంటకి 80కి అయిదో గేరులో 2271 చుట్లు వస్తాయి, పాత ఇంజన్ చెవుల్లో అరుస్తుంది. ఇంకోటి, ఎనిమిది పళ్ల పినియన్ అంటే తల చిన్నది, బలం తగ్గుతుంది. పినియన్ చిన్నదయ్యేకొద్దీ క్రౌన్ దాని దగ్గరికి జరగాలి, అందుకని కొన్ని యాక్సిళ్లలో రేషియో ఒక హద్దు దాటితే క్రౌన్ బిగించే చట్రం, కేజీ అంటాం, అది కూడా మార్చాలి. అమెరికా యాక్సిల్ డానా 44లో 3.73 దాకా ఒక కేజీ, 3.92 నుంచి ఇంకోటి. మన బండికి 41/9 పాత కేజీలోనే కూర్చుంటుందని కొట్టువాడి మాటమీద కాకుండా పాత క్రౌనూ కొత్త క్రౌనూ పక్కపక్కన పెట్టి మందం కొలిచాకే డబ్బులిచ్చాను.

బావగారి స్పీడు క్రౌన్ మాటకి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఈ మాట నేను నెలకొకసారి వింటాను. గంటకి 70 దగ్గర 3.73తో అయిదో గేరులో ఇంజన్ 1519 చుట్లే తిరుగుతుంది, కాగితం మీద మైలేజీ బంగారం. కానీ లోడు, పైన తార్పాలిన్, ఎదురుగాలి, ప్రతి ఫ్లైఓవరుకీ స్పీడు పడిపోయి నాలుగో గేరు వేస్తాడు. నాలుగులో అదే స్పీడుకి 1899. అదే 4.56తో అయిదో గేరులో 1857. అర్థమైందా? ఒకడు నాలుగో గేరులో పోతాడు, ఇంకొకడు అయిదో గేరులో పోతాడు, ఇంజన్‌కి ఇద్దరూ ఒకటే. తేడా ఏమిటంటే ఘాట్ దగ్గర మొదటివాడు ఆగిపోతాడు. ఖాళీగా హైవే మీద తిరిగే బండికైతే 3.73 మంచిదే, నేనూ వేశాను. వారానికి మూడుసార్లు సుంకి ఎక్కే బండికి నెలకి రెండు విశాఖ ట్రిప్పుల కోసం క్రౌన్ కొనకూడదు.

అడ్వాన్సు వెనక్కి తెచ్చుకోడానికి విశాఖ ఆటోనగర్ పోయి గంట బతిమాలుకున్నాడు. అక్కడే ఇంకో కొట్లో 41/9 సెకండ్ హ్యాండ్ సగం ధరకి చూపించారు. క్రౌన్ మీద చెక్కిన నంబరు ఒకటి, పినియన్ తల మీద నంబరు ఇంకోటి. ఈ రెండూ ఫ్యాక్టరీలో జంటగా ఒరిపిడి పెట్టి తయారుచేస్తారు, జంట విడిపోతే ఎంత సెట్ చేసినా ఏడుస్తుంది. వద్దన్నాను. కొత్త సెట్, బేరింగులు, సీళ్లు, ఆయిలు, లేబరు అన్నీ కలిపి ఇరవై రెండు వేల చిల్లర అయింది.

విప్పాక తెలిసిన ఇంకో సంగతి. హౌసింగ్ పైన గాలి పీల్చే చిన్న గొట్టం ఉంటుంది, బ్రీదర్ అంటాం, అది బురదతో మూసుకుపోయి రాయిలా ఉంది. లోపల ఆయిలు వేడెక్కినప్పుడు గాలి బయటికి పోయే దారి లేక సీలు తోసుకుని ఆయిలు ఎడమ డ్రమ్ములోకి దిగింది. లైనర్లు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. ఈ బండి మూడు టన్నులతో సుంకి దిగుతోంది! గొట్టం శుభ్రం చేసి, రబ్బరు పైపుతో దాన్ని బాడీ కిందకి ఎత్తుగా కట్టాను. ఆ పైపు ఖరీదు టీ టిఫిన్ అంత ఉండదు. లైనర్లు రెండు పక్కలా కొత్తవి, ముందు ప్యాడ్లు కూడా. పెద్ద టైరు అంటే బ్రేకు పట్టు కూడా 7 శాతం తగ్గినట్టే, అది ఎవరూ లెక్కలో వెయ్యరు.

బిగింపులో నేను చేసిన తప్పు కూడా రాస్తాను. పినియన్ రెండు బేరింగుల మధ్య నలిగే స్లీవ్ ఒకటి ఉంటుంది, నట్టు బిగిస్తుంటే అది కొద్దికొద్దిగా నలిగి బేరింగులకి కావలసిన బిగువు వస్తుంది. ఒకసారి ఎక్కువ నలిగిందంటే వెనక్కి రాదు. పినియన్ చివర షాఫ్టు బిగించే ఫ్లాంజికి దారం చుట్టి స్ప్రింగ్ త్రాసుతో లాగి బిగువు చూస్తూ, పావు చుట్టు పావు చుట్టుగా పోవాలి. ఆ రోజు కరెంటు పోయింది, ఫోన్ లైటులో పని, ఇంకొంచెం అనుకుని లాగాను, త్రాసు ముల్లు ఉండాల్సిన దానికి రెట్టింపు దాటింది. నట్టు వదులు చేసి సరిపెట్టేయొచ్చు, ఎవరికీ తెలియదు, రెండు నెలలకి బేరింగు ఊగడం మొదలవుతుంది. అంతా విప్పి కొత్త స్లీవ్ వేశాను. ఒక పూట పోయింది, స్లీవ్ డబ్బులు నావి.

తర్వాత క్రౌన్, పినియన్ పళ్ల మధ్య సందు. డయల్ గేజీ పెట్టి క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల చూస్తే 0.17 నుంచి 0.19 మిల్లీమీటర్లు వచ్చింది, ఈ యాక్సిల్‌కి 0.15 నుంచి 0.20 మధ్య ఉంటే చాలు. చివరికి నేను నమ్మేది మాత్రం రంగునే. నాలుగైదు పళ్లకి సిందూరం నూనెలో కలిపి పలచగా పూసి, చక్రాలకి కొంచెం అడ్డం పెట్టి అటూ ఇటూ తిప్పాను. మొదటిసారి మచ్చ పన్ను కొన వైపు, అంచు మీదకి వచ్చింది, పినియన్ దూరంగా ఉందన్నమాట. పినియన్ వెనక పెట్టే పలచటి వాషరు, షిమ్ము అంటాం, దాని మందం పెంచాను, అంటే మళ్లీ విప్పడమే. సందు మళ్లీ సరిచూసి రంగు వేస్తే రెండోసారి పన్ను మధ్యకి, కొంచెం లోపలివైపుకి, బొటనవేలి ముద్రలా చక్కగా కూర్చుంది. ఆ ముద్ర చూశాక టీ తాగాను.

ఆయిలు జీఎల్-5 రకం 90 గ్రేడుదే పోశాను. ఈ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, మామూలు గేరాయిలు పోస్తే రాసుకుపోతాయి. మొదటి రోజు ఇరవై కిలోమీటర్లు ఖాళీగా పోయి, ఆపి, హౌసింగ్ మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా ఆగమన్నాను, అలా మూడుసార్లు. అయిదొందల కిలోమీటర్ల దాకా సగం లోడు, వెయ్యికి ఆయిలు మార్పు. పండగ సీజన్ బేరం పోతుందని గోల పెట్టాడు కానీ విన్నాడు. వెయ్యికి తీసిన ఆయిల్లో అయస్కాంతానికి సన్నటి బూడిదలాంటిది తగిలింది, ముక్కలేమీ లేవు.

వెనక రెండు చక్రాల్నీ కలిపి తిప్పే లాకర్ కావాలని అడిగాడు, తారు రోడ్డు బండికి దండగ అని వద్దన్నాను. కమాన్లకి ఇంకో పట్టీ వేయమన్నాడు, దానికీ వద్దన్నాను, పట్టీ వేస్తే లోడు ఇంకా వేస్తాడు.

నెల తర్వాత వచ్చాడు. ఘాట్‌లో మూడో గేరు చాలా వరకు నిలబడుతోంది, బాగా నిలువుగా ఉన్న రెండు మలుపుల్లోనే రెండో గేరు. అయితే వాడు ఎక్కువ మాట్లాడింది ఎక్కడం గురించి కాదు, దిగడం గురించి. ముందు మూడో గేరులో దిగుతూ ప్రతి మలుపుకీ బ్రేకు తొక్కేవాడు, కింద సాలూరు వైపు చేరేసరికి వెనక నుంచి కాలిన వాసన. ఇప్పుడు 25 స్పీడుకి రెండో గేరులో ఇంజన్ 1823 చుట్లతో బండిని పట్టుకుంటోంది, ముందైతే 1641. అల్లం లోడుతో దిగి హబ్బు మీద చెయ్యి పెడితే వేడిగా ఉందట, కాలట్లేదట.

ఇంకో మాట గర్వంగా చెప్పాడు. "బాబాయ్, మైలేజీ కూడా పెరిగింది. ముందు లీటరుకి 11, ఇప్పుడు 11.9." ఇక్కడ నేను నిజం చెప్పాల్సొచ్చింది. ఈ బండి మీటరు కేబులు గేర్‌బాక్సు వెనక నుంచి తిరుగుతుంది, దానికి టైరు తెలియదు, క్రౌన్ తెలియదు. పెద్ద టైర్లు వేశాక మీటరు 7 శాతం తక్కువ చూపింది, 70 చూపితే అసలు 75. అంటే ఆ 11 నిజానికి 11.8. ఇప్పుడు 41/9 వల్ల 11 శాతం ఎక్కువ, టైరు వల్ల 7 శాతం తక్కువ, కలిపితే దాదాపు 4 శాతం ఎక్కువ చూపిస్తోంది. 70 చూపితే అసలు 67. అంటే 11.9 నిజానికి 11.5 లోపే. డీజిల్ మీద కొద్దిగా నష్టమే, క్లచ్ ప్లేట్ల మీద, లైనర్ల మీద లాభం. ఫోన్లో జీపీఎస్ పెట్టి నాతవలస దాకా ఇద్దరం పోయి చూపించాను. అంకెలు సరిపోయాయి, వాడు మాత్రం నమ్మలేదు. ఊళ్లో ఇప్పటికీ మైలేజీ పెరిగిందనే చెప్తున్నాడు.

పంపేముందు రెండు పనులు చేశాను. డాష్‌బోర్డు మీద స్టిక్కరు అంటించి "80 చూపితే 77" అని రాశాను. కింద హౌసింగ్ మీద ఇనప బ్రష్షుతో మట్టి గీకి, తెల్ల పెయింటుతో 41/9 అని, పక్కన టైరు సైజు, తేదీ వేశాను, ఈసారి ఎవడో కింద పడుకుని ఇరవై చుట్లు లెక్కపెట్టక్కర్లేదు.